గొడుగై దిగిన పిడుగు

ఆ వీధిలో వానొస్తే ఎవరూ గొడుగు అనరు, పిడుగు అంటారు. "మబ్బు పట్టింది, పిడుగు తీసుకెళ్ళు" అని తల్లి కేకేస్తే, బడికి బయల్దేరిన పిల్ల వెనక్కొచ్చి తలుపు వెనక తగిలించిన గొడుగు తీసుకుపోతుంది. మూలింట్లోకి కొత్తగా దిగిన ఒకావిడ దగ్గరికి ఎదురింటావిడ వెళ్ళి, మీ ఇంట్లో పిడుగుంటే ఇస్తారా, బస్సు దాకా వెళ్ళొచ్చి ఇచ్చేస్తాను అని అడిగిందట. కొత్తావిడ లోపలికెళ్ళి తన రెండోకొడుకును రెక్క పట్టుకుని తీసుకొచ్చి, ఇదిగో, వీడే, సాయంత్రం దాకా ఉంచుకున్నా పర్వాలేదు అందట.

ఈ తికమకకంతటికీ మూలం ఆ వీధి చివర మేడ మీద గదుల్లో ఉండే బుడగలక్క.

బుడగలంటే పిల్లలు ఊదుకునే బుడగలు కావు. బొమ్మల కథల పుస్తకాల్లో మనిషి నోటి పక్కన తెల్లగా గుండ్రంగా ఒకటుంటుంది, అందులో వాడు అనే మాట ఉంటుంది, అది. ఆ మాటలు చేత్తో రాయడం అక్కయ్య పని. మామూలు మాటకు నున్నటి బుడగ, కేకకు ముళ్ళ బుడగ, గుసగుసకు చుక్కల బుడగ, మనసులో మాటకు మబ్బులాంటి బుడగ. పైగా మన అక్షరాలు బుద్ధిగా ఒక వరసలో కూర్చునేవి కావు. పైన గుడులు, కింద ఒత్తులు. ఒత్తుకు కింద చోటు వదలకపోతే అది పక్క మాట నెత్తిన కాళ్ళు పెడుతుంది. ఆ పనిలో పడి పడి అక్కయ్యకు మనుషులు కూడా బుడగల్లాగే కనిపించడం మొదలుపెట్టారు. కూరగాయలావిడ మాట్లాడితే పేజీ చాలదని, పక్క వాటా మేష్టారికి మూడక్షరాల బుడగ చాలని, దానిలో కూడా రెండు దగ్గులేనని అంటుంది. భర్త అలిగి కూర్చుంటే, ఆయన తల మీద మబ్బు బుడగ తేలుతోంది చూడు, దాన్నిండా నేనే అని నవ్వుతుంది.

ఆ భర్తే బొమ్మల బావగారు. ఆయన బొమ్మలు వేసేవాడు, ఆవిడ మాటలు రాసేది. ఇద్దరూ కలిసింది ఒక పొరపాటులో.

అక్కయ్య చదువు అప్పుడే అయిపోయి, చేతిరాత ముత్యాల్లా ఉందని బొమ్మల పుస్తకాలు అచ్చేసే ఆఫీసులో చేరింది. పై గదిలో అక్షరాలు, కింద గదిలో బొమ్మలు. ఎక్కడైనా ముందు బొమ్మ వేసి తర్వాత మాట రాస్తారు. అక్కడ మాత్రం తిరగేసి జరిగేది. బొమ్మలవాళ్ళు కొండలూ కోటలూ వేసేసి మాటకు ఎలక కన్నమంత చోటు మిగులుస్తున్నారని యజమానికి కోపం. అందుకని బుడగ ముందు, బొమ్మ తర్వాత అని గోడ మీద రాయించాడు. గళ్ళు గీసిన ఖాళీ కాగితం మీద అక్కయ్య మాటలు రాసి కిందికి పంపితే, ఆ మాట చదువుకుని బొమ్మ వెయ్యాలి.

ఆ రోజుల్లోనే మబ్బుదొర అనే వీరుడు పుట్టాడు. మబ్బుల్లో ఉంటాడు, ఆపదొస్తే దిగుతాడు. మొదటి కథ, మొదటి పేజీ, మొదటి మాట కథలాయన ఇలా రాసిచ్చాడు: పిడుగు పట్టుకుని మబ్బుల్లోంచి దిగాడు మబ్బుదొర.

ఆ పొద్దున ఒకటే వాన. అక్కయ్య వాళ్ళ నాన్న గొడుగు వేసుకొచ్చింది. ఆ గొడుగంటే ఆయనకు ప్రాణం. పారేసుకొచ్చావంటే నువ్వూ ఇంటికి రానక్కర్లేదు అని మరీ చెప్పి పంపాడు. అది మూల నిలబడి నీళ్ళు కారుస్తోంది. ఆ నీళ్ళు నెమ్మదిగా నేల మీద పాక్కుంటూ కాగితాల కట్ట వైపు వస్తున్నాయి. కన్ను కాగితం మీద, మనసు గొడుగు మీద. అలాంటప్పుడు చెయ్యి ఎవరి మాట వింటుంది? గొడుగు పట్టుకుని మబ్బుల్లోంచి దిగాడు మబ్బుదొర అని రాసింది, సిరా ఆరబెట్టింది, కిందికి పంపింది.

కాసేపటికి బొమ్మలాయన పైకొచ్చాడు. చెవి మీద పెన్సిలు, సన్నటి మీసం, గుమ్మం దాటి లోపలికి రావడానికి మొహమాటం. అక్కణ్ణుంచే అడిగాడు.

"గొడుగు మూసి ఉండాలాండీ, తెరిచి ఉండాలా?"

ఆహా, ఎంత మంచి మనిషి, నా గొడుగు సంగతి నా కంటే ముందు పట్టించుకున్నాడు అనుకుంది అక్కయ్య.

"తెరిచే ఉంచండి. ఆరాలి."

ఆయన తలూపి దిగి వెళ్ళిపోయాడు. గొడుగు మూల మూసినట్టే ఉంది. అక్కయ్యకు ఒళ్ళు మండింది. అడగడమెందుకు, అడిగి చెయ్యకుండా పోవడమెందుకు? సాయంత్రం ఇంటికెళ్ళి, మా ఆఫీసులో ఒక బద్ధకస్తుడున్నాడమ్మా, నోటితోనే ఉపకారాలు చేస్తాడు అని తల్లితో చెప్పింది. కింద గదిలో ఆ బద్ధకస్తుడు మాత్రం వీరుడి గొడుగు ఆరడమేమిటని చాలాసేపు ఆలోచించి, అవును మరి, మబ్బుల్లో ఉండేవాడికి ఆరకపోతే ఎలా అని తనకు తనే సమాధానం చెప్పుకుని, తెరిచిన గొడుగూ, దాని అంచుల నుంచి రాలే చినుకులూ ఎంతో శ్రద్ధగా వేశాడు. ఒక ఊచ మాత్రం వంకరపోయింది.

పుస్తకం అచ్చయి వచ్చాక కథలాయన మంచం పట్టాడు. భయంకరమైన పిడుగు పట్టిన తన వీరుడు చింతచెట్టు కింద నిలబడ్డ పెళ్ళిపెద్దలా ఉన్నాడని ఏడ్చాడు. యజమాని కేకలకు ముళ్ళ బుడగలు చాలవు. కానీ పిల్లలకు తెగ నచ్చేసింది. కత్తులూ గదలూ ఉన్న వీరులు బోలెడుమంది. గొడుగు వంకీ దొంగ మెడకు తగిలించి లాగేవాడు, వరదొస్తే గొడుగు తిరగేసి అందులో ముసలమ్మను కూర్చోబెట్టి పడవలా తోసేవాడు వీడొక్కడే. దాంతో యజమాని కేకలు మింగేసి, తర్వాతి పుస్తకంలో ఒక మాట కలపమన్నాడు: ఆ గొడుగు పేరే పిడుగు. కథలాయన పరువు దక్కింది, బొమ్మలాయన గొడుగు దక్కింది. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమంటారు, అక్కడ పిడుక్కీ గొడుక్కీ ఒకే పేరైంది. ఆ పుస్తకాలు చదివి పెరిగిన పిల్లలందరికీ గొడుగంటే పిడుగే, పిడుగంటే గొడుగే. వాళ్ళకు పిల్లలు పుట్టారు, మాట అలాగే నిలిచింది.

బొమ్మలాయన ఆ తర్వాత అవసరమున్నా లేకపోయినా పైకొచ్చి, మూసి ఉండాలా తెరిచి ఉండాలా అని అడగడం మొదలుపెట్టాడు. తలుపులు, కిటికీలు, విలన్ నోరు, అన్నీ అడిగేవాడు. ఒకరోజు ఒక కాగితం పట్టుకొచ్చాడు. మబ్బుదొర బొమ్మ, ఎందుకో మొహాన సన్నటి మీసం, నోటి పక్కన ఖాళీ బుడగ. ఇందులో ఏం రాయాలో మీరే రాయండి అన్నాడు. అక్కయ్య అతని బుడగ అలాగే వదిలేసి, పక్కన మరో చిన్న బుడగ గీసి, మా నాన్ననడగండి అని రాసిచ్చింది. నాన్నగారు కాగితం అటూ ఇటూ తిప్పి, గొడుగు బాగా వేశాడు, కానీ ఊచ వంకర, మనిషి కాస్త జాగ్రత్త నేర్చుకోవాలి అని ఒప్పుకున్నాడు. ఆ వంకర ఊచ ఆ తర్వాత ఏ బొమ్మలోనూ తిన్నబడలేదు. బావగారు పౌరుషానికి వంకరగానే వేస్తూ పోయాడు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటే ఆయనే.

ఏళ్ళు గడిచాయి. ఆఫీసు చేతులు మారింది, మబ్బుదొర ఆగిపోయాడు, బావగారి చేతికి వణుకొచ్చి బొమ్మలు మానేశాడు. అక్కయ్య పెళ్ళిపత్రికల మీద పేర్లూ దుకాణాల బోర్డులూ రాస్తూ చెయ్యి బతికించుకుంటోంది. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఉరుము లేని పిడుగులా పాత యజమాని మనవరాలు మెట్లెక్కి వచ్చింది.

పిల్ల చురుకైనది. భుజాన తన కంటే పెద్ద సంచీ, నోట్లో మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. మబ్బుదొర మొదటి కథలన్నీ ఈ కాలానికి తగినట్టు మళ్ళీ చెప్పబోతున్నామంది. అక్కయ్య సంతోషంతో టీ పెట్టబోయి గిన్నెకు బదులు సిరాబుడ్డి పొయ్యి మీద పెట్టబోయింది. అక్షరాలు కూడా మీరే రాయాలి పెద్దమ్మా అంది పిల్ల. కంప్యూటరు అక్షరాలతో చూశారట. మబ్బుదొరలో ఒత్తు ఊడి పక్కకు పడి, వాడి పేరు ఎక్కిళ్ళొచ్చినవాడు చెప్పినట్టు తయారైందట. పని కూడా పాత పద్ధతిలోనే, బుడగ ముందు, బొమ్మ తర్వాత. తాతగారి ముచ్చట అలా తీరుస్తామంది.

అంతవరకూ బాగానే ఉంది. కథ చెప్పమంటే చెప్పింది. కొత్త మబ్బుదొర నల్లబట్టలేసుకుంటాడు, నవ్వడు. చిన్నప్పుడు తుఫానులో తల్లి పోయింది, అందుకు. పాత కథల్లో ఆ తల్లి గంపెడు బట్టలు ఆరేసుకుంటూ, మబ్బులు పక్కకు జరపరా అని కొడుకును తిట్టడానికి తప్ప వచ్చిందే లేదు. పాపం, ఆవిణ్ణెందుకు చంపారని అక్కయ్య అడిగింది. వీరుడన్నాక ఒక బాధ ఉండాలి పెద్దమ్మా అంది పిల్ల. ఆవిడ బతికుంటే చాలదా, వాడికి రోజూ బాధేగా అంది అక్కయ్య.

అసలు సంగతి ఆ తర్వాత చెప్పింది. కొత్త కథలో గొడుగు లేదు. చేతిలో నిజం పిడుగే ఉంటుంది, మండే మెరుపు. గొడుగు నవ్వులాటగా ఉందని, అసలు కథలాయన రాసింది కూడా పిడుగే కదా అని, చివరికి ఆయన మాట నిలబెడుతున్నామని పిల్ల ఉత్సాహంగా చెప్పి, రాయాల్సిన మాటలిచ్చి, ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా దిగిపోయింది.

లోపలి గదిలో బావగారు అన్నీ విన్నాడు. బయటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన తల మీద బుడగ ఈసారి మబ్బులా లేదు, రాయిలా ఉంది.

"ఆ గొడుగు తీసేస్తే ఇంక అందులో మనమెక్కడున్నామే?" అన్నాడు.

ఆయన వేసిన వేల బొమ్మల్లో జనానికి గుర్తున్నది ఆ ఒక్క గొడుగే. ఆవిడ రాసిన లక్షల మాటల్లో లోకంలో నిలిచింది ఆ ఒక్క తప్పే. అది కూడా తుడిచేసి కొత్తగా చెబితే, రేపటి పిల్లలకు వీళ్ళిద్దరూ పుట్టనట్టే.

మర్నాడు అక్కయ్య బల్ల ముందు కూర్చుంది. కాగితం మీద సన్నగా గీతలు గీసింది, నిబ్బు తుడిచింది. మొదటి పేజీ, మొదటి మాట. పిడుగు పట్టుకుని మబ్బుల్లోంచి దిగాడు మబ్బుదొర. అన్నీ రాసింది, మొదటి అక్షరం ఒక్కటీ వదిలేసి. కాగితం మీద డుగు పట్టుకుని మబ్బుల్లోంచి దిగాడు మబ్బుదొర. పి రాస్తే పిడుగు, గొ రాస్తే గొడుగు. మిగతా డుగు ఇద్దరికీ ఉమ్మడి ఆస్తే.

మధ్యాహ్నమంతా ఆ డుగు అలాగే నిలబడి ఉంది. బావగారు మంచినీళ్ళకని ఒకసారి, కళ్ళజోడుకని ఒకసారి, కళ్ళజోడు ముక్కు మీదుండగానే దాని కోసమే ఇంకోసారి, అటుగా వచ్చి తొంగి చూశాడు. చివరికి ఆగలేక, ఏముందే, ఒక్క అక్షరం, ముసలిదాని చెయ్యి జారిందనుకుంటారు అన్నాడు.

"అప్పుడు జారింది చెయ్యి," అంది అక్కయ్య. "ఇప్పుడు జారిస్తే జారేది నేను."

అని, ఊపిరి బిగబట్టి, చక్కగా, గుండ్రంగా, ఎవరూ వేలెత్తి చూపలేనంత స్పష్టంగా పి రాసింది. గుడి కూడా కాస్త గట్టిగానే పెట్టింది. పేజీ వెళ్ళిపోయింది. బావగారు ఆ పూట టీ తాగలేదు. తాగలేదని అక్కయ్యకు తెలియాలని కప్పు ఆవిడ బల్ల మీదే పెట్టి మరీ తాగలేదు.

ఆ పేజీకి బొమ్మ వేసేవాడు కొత్తవాడు. గుబురు గడ్డం, బడికెళ్ళే కూతురున్న మనిషి, చిన్నప్పటి నుంచీ మబ్బుదొర పుస్తకాలు దిండు కింద పెట్టుకుని నిద్రపోయినవాడు. పేజీ చేతికందాక ఆగలేకపోయాడు. ఆ అక్షరాలు రాసిన చెయ్యిని ఒక్కసారి చూసిపోదామని చిరునామా కనుక్కుని మేడ మెట్లెక్కాడు. బావగారు అలకలో ఉన్నా, ఎవరో బొమ్మలవాడు వచ్చాడనేసరికి చెవులు ఇటే వేసి పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాడు.

కొత్తవాడు చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. చెవి మీద పెన్సిలుంది. సంచీలోంచి అక్కయ్య రాసిన పేజీ భద్రంగా తీశాడు. కొత్త కథలో అన్నీ మార్చేశారంటే భయపడ్డానని, నల్లబట్టలనగానే సగం ప్రాణం పోయిందని, పేజీ చూశాకే ధైర్యమొచ్చిందని అన్నాడు. దేని వల్లో అక్కయ్యకు అర్థం కాలేదు. తర్వాత అతను మొహమాటపడుతూ అడిగాడు.

"పిన్నిగారూ, ఒక్క సందేహం. మూసి ఉండాలా, తెరిచి ఉండాలా?"

అక్కయ్య అతని మొహం చూసింది, పేజీ చూసింది. తను రాసినది పిడుగే. పిడుగు మూసి ఉండటమేమిటి, తెరిచి ఉండటమేమిటి? ఒక్క క్షణం తర్వాత ఆవిడ ఒంట్లో ఎక్కడో ముసిముసి నవ్వు బయల్దేరింది. ఈ అబ్బాయి పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ పిడుగు అంటే ఆకాశంలోదని అనుకోలేదు. వాళ్ళమ్మ వానొచ్చినప్పుడల్లా చేతిలో పెట్టింది అదే.

కాదు నాయనా, ఇది మెరిసే పిడుగు అని ఒక్క మాట చెబితే అయిపోతుంది. మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అటు బావగారి పేపరు అంచు మీదుగా కళ్ళజోడు పైకి తేలింది. అక్కయ్య ఆయన వైపు చూడలేదు.

"తెరిచే ఉంచు నాయనా," అంది. "ఆరాలి."

పేపరు వెనక నుంచి ఒక దగ్గు వినిపించింది. పక్క వాటా మేష్టారి దగ్గులాంటిదే, దాని లోపల మాత్రం పేజీకి సరిపడా మాటలున్నాయి. ఆయన అలకంతా మరిచి లేచొచ్చి, కొత్తవాణ్ణి కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుని, చినుకులు అంచుల నుంచి ఎలా రాలాలో, ఏ ఊచ ఎంత వంకరుండాలో సాయంత్రం దాకా చెప్పాడు. ఆ పూట టీ మూడుసార్లు తాగాడు.

ఉత్పాతం వారం తిరగకముందే వచ్చింది. వానలో తడిసి, చేతిలో బొమ్మల పేజీ, వెనకాల నేరస్థుడిలా గడ్డం కొత్తవాడు, పాత యజమాని మనవరాలు మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది. చేతిలోని గొడుగు గుమ్మం పక్కన విసిరి, పేజీ బల్ల మీద పరిచింది. నల్లబట్టల మబ్బుదొర, తల్లి పోయిన బాధ మొహంలో, నవ్వు లేదు. నెత్తి మీద మాత్రం నిండుగా విచ్చుకున్న గొడుగు, చినుకులు, ఒక వంకర ఊచ.

తప్పెవరిదో తేల్చడానికి పిల్ల కూర్చుంది. మాట చూస్తే పిడుగు అనే ఉంది, పెద్దమ్మ తప్పు లేదు. కొత్తవాణ్ణి అడిగితే, పిడుగు అన్నారు కాబట్టే వేశాను, మీరు గొడుగు అని రాస్తే ఇంకేదో గొడుగనుకునేవాణ్ణి అంటున్నాడు. పిల్ల అక్కయ్య వైపు తిరిగింది.

"మీరైనా చెప్పలేదేం పెద్దమ్మా?"

"మూసుండాలా తెరిచుండాలా అనడిగాడమ్మా. చెప్పాను. గొడుగా కాదా అని అడిగితే అదీ చెప్పేదాన్ని."

పిల్ల నుదురు పట్టుకుంది. లాభం లేదు, మళ్ళీ వెయ్యాలి, మెరుపే ఉండాలి, ఈ కాలం పిల్లలు పిడుగంటే గొడుగనుకోరు, అదంతా పాతవాళ్ళ భ్రమ అని గట్టిగా చెప్పి, సంచీ భుజానికెత్తుకుని లేచింది. కొత్తవాడు తల వంచుకున్నాడు. బావగారు కుర్చీలో సగానికి తగ్గిపోయాడు. బయట వాన జోరందుకుంది. పిల్ల గుమ్మం దాకా వెళ్ళి, అటూ ఇటూ చూసి, విసుగ్గా అంది.

"అబ్బా, నా పిడుగు ఎక్కడ పెట్టాను?"

పిల్ల చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. తన నోట్లోంచి వచ్చిన మాట తనకే కనిపించినట్టు, దాని చుట్టూ ఎవరో బుడగ గీసినట్టు, నెమ్మదిగా వెనక్కి తిరిగింది. ముందు బావగారు ఆగలేకపోయాడు. ఆయన నవ్వుకు కుర్చీ కిర్రుమంది. కొత్తవాడు నవ్వాలో వద్దో తెలియక గడ్డంలోకి దగ్గాడు. పిల్ల కోపంగా ఉండటానికి ఎంతో ప్రయత్నం చేసింది. పెదాలు ఒప్పుకోలేదు. గుమ్మంలోనే చతికిలబడి, సంచీ మీద తల వాల్చి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఇవాళ బయల్దేరుతుంటే, పిడుగు మర్చిపోకే అని అమ్మ మూడుసార్లు చెప్పింది పెద్దమ్మా అని మధ్యమధ్య అంటూ నవ్వింది.

గొడుగు ఉండిపోయింది. నల్లబట్టలు, తల్లి చావు, నవ్వని మొహం కూడా ఉన్నాయి. అవి పిల్ల వంతు. ఇంత బాధలో ఉన్నవాడు గొడుగేసుకుని దిగుతుంటే మరీ దిగులుగా ఉందని, ఇదే బావుందని ఆ పిల్లే చివరికి ఒప్పుకుంది.

వాన కాస్త వెలిశాక ఇద్దరూ దిగి వెళ్ళారు. తర్వాత బావగారు నెమ్మదిగా భార్య పక్కకొచ్చి నిలబడ్డాడు.

"మొదటిసారి నీ గొడుగు అనుకుని చెప్పావు. మరి ఈసారి ఎవరిదనుకుని చెప్పావే?"

అక్కయ్య జవాబు చెప్పబోతూ గుమ్మం వైపు చూసి ఆగిపోయింది. అక్కడ పిల్ల గొడుగు నిక్షేపంగా నీళ్ళు కారుస్తూ ఉంది. దాని పక్కన ఎప్పుడూ వేలాడే నాన్నగారి పాత గొడుగు లేదు.

"మనదే," అంది అక్కయ్య. "అదిగో, ఆ పిల్ల పట్టుకుపోతోంది, పరుగెత్తండి."

మెట్లు దిగడమే మానేసిన బావగారు ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి అక్కయ్య చెప్పు వేసుకుని వీధిలోకి ఉరికాడు. అమ్మాయ్, ఆగు, అది నా పిడుగు అని ఆయన పెట్టిన కేకకు వీధి వీధంతా కిటికీలు తెరుచుకున్నాయి. మూలింటి కొత్తావిడ ఒక్కతే, ఈ ముసలాయనకు ఇంత చిన్న కూతురుందా అని ఆశ్చర్యపోయింది.